ఎన్‌డీఏ వస్తుందా రాదా: లెక్క వెనక నుంచి వేసుకో

“మేడమ్, మావాడికి ఎన్‌డీఏ వస్తుందంటారా?”

ఇంటర్ అడ్మిషన్లప్పుడు ఈ మాట అడిగే అమ్మానాన్నలు ఏటా ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఎన్‌డీఏ అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇంటర్ తర్వాత చేరితే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లని తయారుచేసే చోటు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని కదా, టెన్త్ మార్కులు చూసి ఏదో ఒకటి తేల్చేస్తానని వాళ్ల ఆశ. నేను మార్కుల జోలికే పోను. “కళ్లజోడు ఉందా? పవర్ ఎంత? రంగులు సరిగ్గా కనిపిస్తాయా?” అని మొదలుపెడతాను. ఈవిడ లెక్కల మేడమా, కంటి డాక్టరా అన్నట్టు చూస్తారు.

దానికి కారణం మా తమ్ముడు. వాడికి పైలట్ పిచ్చి. రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదివాడు. రాతపరీక్ష గట్టెక్కాడు, మైసూరులో ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే పరీక్షలు, ఇంటర్వ్యూల్లో అయిదు రోజులూ నిలబడ్డాడు. ఆఖర్న మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి, అందులో అంకె చదవమన్నారు. వాడికి చుక్కలు కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. ఫ్లయింగ్ కల అక్కడితో సరి. అలాంటి పుస్తకమే మా ఇంటికి రెండు వీధుల అవతల కంటి డాక్టర్ టేబుల్ మీద ఉంది. పది నిమిషాల పని. మాకెవరికీ తట్టలేదు.

అందుకే నా పద్ధతి తిరగేసి ఉంటుంది. వాళ్లు పెట్టే వరస రాతపరీక్ష, ఎస్‌ఎస్‌బీ, మెడికల్, చివర్న మెరిట్ లిస్టు. నువ్వు అంచనా వేసుకునేటప్పుడు వయసు, ఒళ్లు ముందు చూసుకో. మార్కులు ఆ తర్వాత. ఒక తెల్లకాగితం తీసుకో, ఇవన్నీ దాని మీదే రాయాలి.

మొదటి గీత మీద పుట్టిన తేదీ. ఎన్‌డీఏకి వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి. ఇది పరీక్ష రాసే రోజుకి కాదు, కోర్సు మొదలయ్యే నాటికి లెక్క. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఏడాది మొదట్లో వచ్చే పరీక్ష మరుసటి జనవరి కోర్సుకి, రెండోది ఆ తర్వాతి జులై కోర్సుకి. కోర్సు మొదలయ్యేసరికి ఇంటర్ పాసై ఉండాలి కాబట్టి, సెకండియర్‌లో ఉండగా సెప్టెంబర్ ప్రాంతంలో వచ్చేదే మామూలుగా నీ మొదటి అవకాశం. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టు. చాలామందికి నాలుగైదు అవకాశాలు వస్తాయి. టెన్త్‌లో ఏడాది పోయినవాళ్లకి రెండో మూడో మిగులుతాయి. ఇన్నిసార్లే రాయాలని వేరే పరిమితేమీ లేదు, వయసే పరిమితి.

దాని కింద నీ గ్రూపు రాయి. ఎంపీసీ అయితే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ తెరిచే ఉంటాయి. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లకి ఆర్మీ ఒక్కటే. అయినా బాధపడక్కర్లేదు, 370 ఎన్‌డీఏ సీట్లలో 208 ఆర్మీవే. కాకపోతే పరీక్షలో లెక్కల పేపర్ మాత్రం ఎవరినీ వదలదు. అది తర్వాత చెప్తాను.

ఇక ఒళ్లు. నోటిఫికేషన్ చివర్న వైద్య ప్రమాణాలని పేజీలకు పేజీలు ఉంటాయి. ఎవరూ చదవరు. అది ప్రింట్ తీసి మన డాక్టర్ చేతికివ్వు. ఎత్తు, బరువు, చూపు, రంగుల పరీక్ష, చెవులు, ముక్కు దూలం, పళ్లు, మోకాళ్లు, అరికాళ్లు... ఒక్కొక్కటే చూడమను. మోకాళ్లు ఆనించి నిలబడితే కాళ్లు బాగా ఎడంగా ఉంటున్నాయా, తడి కాలితో నేల మీద అడుగేస్తే మధ్యలో వంపు పడుతోందా అనేవి ఇంట్లోనే తెలిసిపోతాయి. ఆర్మీకి కళ్లజోడు కొంతవరకు ఒప్పుకుంటారు గానీ ఫ్లయింగ్‌కి చూపు నిబంధనలు చాలా బిగువు. ఎత్తు కూడా అంతే, ఫ్లయింగ్‌కి 162.5 సెంటీమీటర్లు కావాలి.

దొరికిన లోపాలని రెండు రకాలుగా విడదీసి రాయి. చెవిలో గులిమి, పుచ్చు పన్ను, ఎక్కువ బరువు, వంకర ముక్కు దూలం, హెర్నియా లాంటివి నయమయ్యేవి. మెడికల్‌లో వీటి మీద తిప్పి పంపినా, వైద్యం చేయించుకుని అప్పీల్ బోర్డుకి వెళ్లొచ్చు. కానీ అంతదాకా ఎందుకు, ఇప్పుడే చేయించుకో. రంగుల చూపు లాంటిది మాత్రం మారదు. అలాంటిదేదైనా బయటపడితే అది ఏ శాఖకి అడ్డమో చదివి, ఆ శాఖని కొట్టేసి మిగతావాటితో లెక్క కొనసాగించు. మా తమ్ముడు ఈ పని మొదటే చేసుంటే పైలట్ కాకపోయినా, రెండేళ్లూ దాన్నే పట్టుకుని వేలాడేవాడు కాదు.

పరుగు సంగతి కూడా ఇక్కడే రాసుకో. 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరుగెత్తగలగాలి, పుషప్స్, సిటప్స్ 20 చొప్పున, చినప్స్ 8 తీయగలగాలి అని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. రేపు పొద్దున వెళ్లి టైమ్ చూసుకో. వచ్చిన టైమే రాయి, రావాల్సింది కాదు.

ఇప్పుడు మార్కులు. మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, మొత్తం 900. మ్యాథ్స్‌లో 120 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర, తప్పుకి 0.83 పోతుంది. జనరల్ ఎబిలిటీలో 150 ప్రశ్నలు, ఒక్కోదానికి 4, తప్పుకి 1.33 పోతుంది. పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు ఈ మాట మొదటి రోజే గుర్తుపెట్టుకోవాలి.

పాత పేపర్ ఒకటి తీసి, తలుపేసుకుని, రెండున్నర గంటలు పెట్టుకుని రాయి. ఉదాహరణకి మ్యాథ్స్‌లో 60 ప్రశ్నలు పెట్టావు, 45 కరెక్ట్, 15 తప్పు. 112 వచ్చి 12 పోతే సుమారు 100. జనరల్ ఎబిలిటీలో 100 పెట్టావు, 70 కరెక్ట్, 30 తప్పు. 280లో 40 పోతే 240. మొత్తం 340. ఇది మంచిదా చెడ్డదా? 2019 మొదటి పరీక్షకి రాత కటాఫ్ 342. అంటే రెండు మార్కులతో పోయావు. 2024 మొదటి పరీక్షకి 291. అంటే హాయిగా పాసయ్యావు. కటాఫ్ ఇలా ఊగుతుంది కాబట్టి నిరుడు ఎంత పడిందో చూసి సంబరపడొద్దు. 2022 మొదటిసారి 360 దాకా పోయింది. ఇంట్లో వరసగా అయిదు పేపర్లలో 380 దాటుతుంటే, పరీక్ష హాల్లో టెన్షన్‌కి కొన్ని పోయినా నిలబడతావు. అయిదింటి సగటు రాయి. అన్నిటికంటే బాగా వచ్చినదాన్ని మాత్రమే రాసే పిల్లల్ని చాలామందిని చూశాను.

ఒక మెలిక ఉంది. మొత్తం కటాఫ్ దాటితే చాలదు, ఒక్కో పేపర్లో కూడా కనీస శాతం రావాలి. అది 25 శాతం ఉండేది, ఈమధ్య 20కి దిగింది. 20 అనుకున్నా మ్యాథ్స్‌లో 60 మార్కులు. బైపీసీ పిల్లలు జారేది ఇక్కడే. మొత్తం సిలబస్ మీద పడకుండా మ్యాట్రిసెస్, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, ట్రిగనామెట్రీ గట్టిగా పట్టుకోమని చెప్తాను.

ఇంతవరకు సగమే. ఎస్‌ఎస్‌బీకి విడిగా మరో 900 ఉన్నాయి. కాగితం మీద ఒక చిన్న తీసివేత చేసి చూడు. 2019 మొదటి పరీక్షకి చివరి కటాఫ్ 704, అందులోంచి రాత కటాఫ్ 342 తీస్తే 362. 2022 మొదటిదానికి 720లో 360 పోతే 360. 2023 మొదటిదానికి 664లో 301 పోతే 363. 2024 మొదటిదానికి 654లో 291 పోతే మళ్లీ 363. రాత కటాఫ్ 70 మార్కులు ఊగినా ఈ తేడా కదల్లేదు. నాకర్థమైంది ఏంటంటే, రాతలో అంచు మీద గట్టెక్కినవాడు కూడా ఎస్‌ఎస్‌బీలో 360 పైచిలుకు తెచ్చుకుంటే లిస్టు అంచున ఉంటాడు. అలాగని రాతలో ఎక్కువ వస్తే వృథా కాదు. లిస్టులో పేరు ఉండటం వేరు, జాయినింగ్ లెటర్ రావటం వేరు. సీట్ల కంటే పేర్లు ఎక్కువున్నప్పుడు ర్యాంకే కాపాడుతుంది.

నేను ఎన్‌డీఏ రాయలేదు. నా రోజుల్లో ఆడపిల్లలకి ఆ తలుపే లేదు, 2021లో సుప్రీంకోర్టు చెప్పాకే తెరుచుకుంది. డిగ్రీ అయ్యాక సీడీఎస్ (డిగ్రీ వాళ్లకి యూపీఎస్సీ పెట్టే సైనిక ఆఫీసర్ల పరీక్ష) రాసి, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, అదే ఓటీఏ కోసం రెండుసార్లు ఎస్‌ఎస్‌బీకి వెళ్లాను. (ఓటీఏకి లెక్కల పేపరే ఉండదు. లెక్కల మనిషిని, నా ఖర్మ!) మొదటిసారి స్క్రీనింగ్‌లోనే ఇంటికి పంపారు. బొమ్మ 30 సెకన్లు చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమన్నారు. బాగానే రాశాను. తర్వాత గ్రూపులో కథ చెప్పి అందరూ చర్చించాలి. చర్చ చేపల మార్కెట్ అయింది. నేను ఒక్క వాక్యం మొదలుపెట్టాను, ఎవరో అందుకున్నారు, అంతే. మధ్యాహ్నానికి బ్యాగు సర్దుకున్నాను.

రెండోసారి చివరి రోజు కాన్ఫరెన్స్ దాకా ఉండి బయటికొచ్చాను. ఎందుకో వాళ్లు చెప్పరు. నాకు మాత్రం ఇంటర్వ్యూ గుర్తుకొస్తుంది. కాలేజీ వార్షికోత్సవం నేనే నడిపించానని ఫారంలో రాశాను. ఎంత చందా వచ్చింది, దేనికెంత ఖర్చయింది, డబ్బు చాలకపోతే ఏం చేశారు అని వరసగా అడిగారు. నిజానికి నేను చేసింది స్టేజి మీద మైకు పట్టుకోవటం. మూడో ప్రశ్నకే గొంతు ఎండిపోయింది.

కాబట్టి ఎస్‌ఎస్‌బీ అంచనాకి నా మొదటి పరీక్ష ఆ ఫారమే. దాన్ని పీఐక్యూ అంటారు. ఆటలు, హాబీలు, ఎన్‌సీసీ, నువ్వు మోసిన బాధ్యతలు అందులో రాయాలి. నమూనా దొరుకుతుంది, ఇవాళే నింపు. రాసిన ప్రతి దాని పక్కనా మూడు ప్రశ్నలు వేసుకో: ఎప్పుడు, ఎంతమందితో, ఏం తేడా కొట్టింది? జవాబు లేనిది కొట్టేయి. మిగిలింది రెండు గీతలే అయితే నీ అవకాశం ప్రస్తుతానికి తక్కువే, ఇంట్లో మాక్ టెస్టుల్లో 400 వస్తున్నా సరే. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లున్న హాస్టల్ పిల్లల ఫారాలు చూస్తే నాకు జాలేస్తుంది. ఆటల దగ్గర ఖాళీ, బాధ్యతల దగ్గర ఖాళీ. తప్పు వాళ్లది కాదు, అయినా ఖాళీ ఖాళీయే. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. మీరు నిజంగా ఎన్‌డీఏ అనుకుంటే, సాయంత్రం గంట ఆడనిచ్చే కాలేజీ చూడండి.

రెండోది ఇంట్లో ఎవరినైనా పట్టుకుని చెయ్యాలి. 60 ఇంగ్లిష్ మాటలు, ఒక్కోటి 15 సెకన్లు చూపించమను. చూడగానే తట్టిన వాక్యం రాయి. అయ్యాక లెక్కపెట్టు. ఎన్ని ఖాళీలు? ఎన్ని నీతి వాక్యాలు, “కష్టపడితే గెలుస్తాం” లాంటివి? ఎన్నిట్లో ఎవరో ఒకరు ఏదో పని చేస్తున్నారు? నా అనుభవంలో మన పిల్లలకి సగం నీతులే వస్తాయి, చిన్నప్పటి నుంచి వ్యాసాలు అలా రాయించాం మరి. మూడోది, నలుగురు స్నేహితులతో కూర్చుని ఇంగ్లిష్‌లో 20 నిమిషాల చర్చ. ఫోన్‌లో రికార్డు చెయ్యి. నువ్వెన్నిసార్లు మాట్లాడావన్నది కాదు, నీ మాట తర్వాత చర్చ కొంచెమైనా ముందుకి కదిలిందా అన్నది విను. గ్రామర్ తప్పులు పోనీ, ఆగిపోకుండా చెప్పగలుగుతున్నావా?

ఫ్లయింగ్ కోరుకునేవాళ్లకి సీపీఎస్‌ఎస్ అని యంత్రాల మీద ఇంకో పరీక్ష ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. పోతే ఫ్లయింగ్‌కి మళ్లీ రానివ్వరు. నిద్ర సరిగ్గా లేకుండా దానికి కూర్చోవద్దు.

ఆడపిల్లలు పై లెక్కల్లో ఒకటి మార్చుకోవాలి. 2022లో మొదటి బ్యాచ్‌కి ఇచ్చినవి 19 సీట్లు, ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే. అందుకని కటాఫ్ అంచు మీద ఆనుకుంటే చాలదు. నా దగ్గరికొచ్చే అమ్మాయిలకి రాతలో 450 లక్ష్యం పెట్టుకోమంటాను. భయపెట్టటానికి కాదు, సీట్లు అన్నే ఉన్నాయి మరి.

కాగితం చివర్న ఇంకో గీత వదిలిపెట్టు. ఎంపీసీ వాళ్లకి జేఈఈ మెయిన్ మీద ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ, నేవీ బీటెక్ ఎంట్రీ ఉన్నాయి. రెండిటికీ మళ్లీ ఎస్‌ఎస్‌బీయే. డిగ్రీ తర్వాత సీడీఎస్, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఎలాగూ ఉన్నాయి. వీటిలో నీకు పనికొచ్చేవి ఆ గీత మీద రాయి.

తర్వాత కాగితం మీద తేదీ వేసి దాచు. ఫైనల్ రిజల్ట్ వచ్చాక యూపీఎస్సీ మార్కులు పెడుతుంది. నువ్వు వేసుకున్న అంకె పక్కనే అసలు అంకె రాయి. మా తమ్ముడి కాగితంలో రాతకి 20 మార్కులే తేడా వచ్చింది. కంటి చూపు గడి దగ్గర మాత్రం వాడు “బాగుంది” అని రాసుకున్నాడు, ఎవరికీ చూపించకుండానే.