క్వీన్ మేరీని నిలువునా చీల్చి చూపించే మోడల్

ఓడ మోడల్ చేసేవాళ్లు ఎక్కువగా లైఫ్‌బోట్లకీ రంగులకీ మెరుగులు దిద్దుతారు. సనత్‌నగర్‌లో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన నాకు మాత్రం లోపల పని ఎలా నడిచిందో కనిపించాలి. అందుకే క్వీన్ మేరీ అనే ఈ పాత బ్రిటిష్ ప్రయాణికుల ఓడని సగమే చేయండి, తెరిచిన వైపు మనకు కనబడేలా.

స్కేల్ 1:250 పెట్టుకోండి. అసలు ఓడ 1,019 అడుగులు, మోడల్ సుమారు 124 సెంటీమీటర్లు వస్తుంది. సైడ్ ప్లాన్‌ని అమీర్‌పేటలో ప్లాటర్ ఉన్న జిరాక్స్ షాపులో తీయించండి. డెక్కులకు 3 ఎంఎం సన్‌బోర్డ్ చాలు. మనుషులకి అగ్గిపుల్లల్ని 7 మిల్లీమీటర్ల ముక్కలు కోయండి. స్టీవార్డులకి, అంటే ప్రయాణికులకి వడ్డించేవాళ్లకి, తెల్ల కోటు వేస్తే సరి.

అసలు పని బాయిలర్ రూముల్లో ఉంది. ఓడని నడిపేవి యారో రకం వాటర్ ట్యూబ్ బాయిలర్లు, అంటే నీళ్లు ట్యూబుల్లో మరిగేవి, 24. వీటికి మన ఫ్యాక్టరీల్లో చూసే ఒకే పెద్ద గుండ్రటి డ్రమ్ములాంటి బాయిలర్ పెట్టకండి. పైన స్టీమ్ డ్రమ్, కింద వాటర్ డ్రమ్ములు, మధ్యలో ఏటవాలుగా దిగే ట్యూబులు. సన్నటి రాగి తీగ వాడండి. ప్రెషర్ 400 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి 28 కేజీలు. మేము 10 కేజీలకే గేజ్ మీంచి కళ్లు తిప్పేవాళ్లం కాదు! ఇంకో మాట, పార పట్టుకున్న మనిషిని పెట్టొద్దు. ఈ ఓడ 1936లో మొదలైనప్పటి నుంచీ ఆయిల్‌తోనే నడిచింది. మనిషిని బర్నర్ ముందు నిలబెట్టండి.

ఇంజన్, బాయిలర్ వాళ్లకి నాలుగు గంటల డ్యూటీ, ఎనిమిది గంటల రెస్ట్. న్యూయార్క్ వెళ్లేటప్పుడు రాత్రికి సుమారు గంట చొప్పున గడియారం వెనక్కి తిప్పేవారు, రోజు 25 గంటలయ్యేది. మా షిఫ్టులో అయితే ఓవర్‌టైమ్ ఎవరిస్తారని ముందే అడిగేవాళ్లు.

డైనింగ్ హాల్లో ఒక టేబుల్ దగ్గర గుడ్డ మీద నీళ్లు చల్లుతున్న స్టీవార్డుని పెట్టండి. ఓడ ఊగితే ప్లేట్లు జారకుండా అలా తడిపేవారు. ఊగుడు తగ్గించే రెక్కలు, అంటే స్టెబిలైజర్లు, 1958లో గానీ రాలేదు. సిబ్బంది తాగే బార్ పేరు పిగ్ అండ్ విజిల్. దానికి చిన్న బోర్డు చాలు.

రంగు తేలికే. కింద ఎరుపు, పైన నలుపు, ఆపైన తెలుపు. మూడు పొగగొట్టాలూ నారింజ కలిసిన ఎరుపు, నల్ల అంచుతో. ముందుది ఎత్తు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తగ్గాలి.

పూర్తయ్యాక పడమటి కిటికీ దగ్గర పెట్టకండి, మే నెల ఎండకి సన్‌బోర్డ్ వంగుతుంది.