పసిబిడ్డ ఉన్న ఇంట్లో వయొలిన్ సాధన, తొలేళ్ల రాత్రి

రాత్రి బిడ్డ పడుకున్నాక గంట సాధన చేద్దామనుకుంటే వారానికి ఒక్కరోజూ కుదరదు. పొద్దున్న పాలు తాగి పడుకోగానే 20 నిమిషాలు చాలు. వయొలిన్ తీగల్ని ఎత్తి పట్టే చెక్కముక్కకు, అంటే బ్రిడ్జికి, రబ్బరు మ్యూట్ తగిలిస్తే పక్క గదిలోకి శబ్దం తగ్గుతుంది. బిడ్డ ఏడిస్తే లేచి పరుగెడతారు, తీగల మీద ఆడించే కమాను (బో) బిగింపు వదులు చేయడం మరిచిపోతారు. అలా వదిలేస్తే కమాను పాడవుతుంది.

ఇక విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్లకు, అంటే సిరిమాను జాతరకు ముందు సోమవారం రాత్రి జరిగే వేడుకకు, బిడ్డను ఇంట్లో వదిలి వెళ్లాలంటే తయారీ వారం ముందే మొదలవ్వాలి. గిన్నె, చెంచాతో పాలు పట్టడం అమ్మమ్మకో నానమ్మకో అప్పుడే అలవాటు చేయండి. ఆ రాత్రే మొదలుపెడితే బిడ్డ మొరాయిస్తుంది. పిండిన తల్లిపాలు ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే 4 రోజులు ఉంటాయి, తలుపు అరలో వద్దు. బయట 25 డిగ్రీల్లోపు 4 గంటలే. మన ఉక్కపోతలో అంతసేపూ నమ్మకండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నె ఉంచి వేడెక్కించాలి, నేరుగా పొయ్యి మీద కాదు. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి. బయట ఉన్న తల్లి కూడా 3 గంటలకోసారి పాలు పిండేయాలి, లేకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి, జ్వరం రావచ్చు.

బిడ్డను డప్పుల, మైకుల దగ్గరికి తీసుకెళ్లొద్దు. మర్నాడు మంగళవారం సిరిమాను, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం. తెల్లవారుజామున బిడ్డను ఎవరు చూస్తారో సోమవారం బయల్దేరకముందే తేల్చుకోండి.