పెడల్స్ తీసేశాకే సైకిల్ వచ్చింది (నా అనుభవం)

పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవడం ఎలా అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా. ఉదయం పరుగులో ఫుట్‌పాత్ రాయి తట్టుకుని రెండుసార్లు బోర్లా పడ్డాక, 38 ఏళ్ల వయసులో సైకిల్ మొదలుపెట్టాను. రెండో కాలు పెడల్ మీద పెట్టగానే ఎడమవైపు ఒరిగిపోయేదాన్ని. మా ఆయన వెనక పట్టుకోవడం, సైడు చక్రాలు, వీడియోలు, ఏవీ పనిచేయలేదు.

చివరికి 15 నంబర్ స్పానర్‌తో పెడల్స్ రెండూ విప్పేశాను. జాగ్రత్త, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించి, మా కాలనీలో కొంచెం వాలుగా ఉన్న రోడ్డు మీద కాళ్లతో నెట్టుకుంటూ దిగాను. చూపు ముందు చక్రం మీద కాదు, ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్ అటే కొంచెం తిప్పాలి, భయంలో మనం సరిగ్గా దానికి వ్యతిరేకం చేస్తాం, నాకు అసలు చిక్కు అదే. నాలుగో రోజు పాదాలు ఎత్తి పది సెకన్లు సాగాను, ఎంత సంతోషమేసిందో! అప్పుడు పెడల్స్ బిగించి, కుడిది పైకి, కాస్త ముందుకి ఉంచి గట్టిగా తొక్కితే బండి కదిలింది.

నాది చిన్న సైకిల్, రోడ్డూ ఖాళీ. ఎత్తు సైకిల్ అయితే ఇంత తేలిగ్గా రాకపోవచ్చు, తల తిరిగే సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.