రాత్రి మూడింటికి మెలకువ, గుండె దడ

సమస్య: పదకొండింటికి పడుకుంటే మంచి నిద్రే పట్టింది. మూడింటికి కళ్లు తెరుచుకున్నాయి. పిల్లవాడి కాలేజీ ఫీజు, ఇంటి అప్పు వాయిదా, నిన్న మేనేజరు విసిరిన మాట అన్నీ వచ్చి ఛాతీ మీద కూర్చున్నాయి.

కారణం: రాత్రి రెండో సగంలో నిద్ర ఎటూ పలచబడుతుంది. ఒంటిని మేలుకొలిపే కార్టిసాల్ హార్మోను కూడా తెల్లవారే ముందు పెరుగుతుంది. కాబట్టి మెలకువ రావడం వింతేమీ కాదు. అసలు తంటా ఆ తర్వాతి అర నిమిషంలో మొదలవుతుంది. చెయ్యి దిండు కిందికి వెళ్లి ఫోను తీస్తుంది. 3:10. 'ఆరింటికి లేవాలి, మూడు గంటలు కూడా లేదు' అని మనసు లెక్క కడుతుంది. ఆ కంగారుకు అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై గుండె వేగం అందుకుంటుంది. ఆ దడకు భయపడితే దడ ఇంకా పెరుగుతుంది.

సాయంత్రం ఆరింటి కాఫీనీ అనుమానించాలి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. నిద్ర కోసమని ఒక పెగ్గు వేసుకునేవారికి నిద్ర త్వరగా పడుతుంది, అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది.

పరిష్కారం: ఫోను పక్కగదిలో పెట్టండి. అలారం కోసమంటారా, పాత గడియారం చాలు, ముఖం గోడవైపు తిప్పి. మెలకువ వస్తే నాలుగు అంకెలు లెక్కిస్తూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలండి. వదలడం నిదానమైతే గుండె నెమ్మదిస్తుంది. 20 నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే పడక దిగండి. మసక వెలుతురులో విసుగు పుట్టించే పని ఏదైనా చేయండి. నేనైతే ఆరిన బట్టలు మడతపెడతాను. నాలుగో చొక్కా దగ్గరే ఆవలింత వస్తుంది.

దిగుళ్లకు పగలే ఒక వేళ కేటాయించండి. సాయంత్రం పావుగంట, కాగితం మీద: 'ఫీజు, శుక్రవారం, రెండు వాయిదాలు అడగాలి'. ఉత్త 'ఫీజు' అని రాస్తే లాభం లేదు, చేయాల్సిన పని కూడా రాయాలి.

పగలు చిరాకు, మెడ పట్టేయడం: నిద్ర చాలకపోవడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం కారణం కావచ్చు. అరగంట నడవండి.

తగ్గకపోతే: ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఆందోళనే అనుకుని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తరచూ దడ వస్తుంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోవాలి. వారాల తరబడి ఇదే తీరైతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ ఇది. ఉచితం, రాత్రి మూడింటికైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.