సెరోటోనిన్, గర్భస్థ శిశువు మెదడు: పరిశోధనలను చదివే పద్ధతి

సెరోటోనిన్‌కు ఉల్లాసాన్నిచ్చే రసాయనంగా ఉన్న పేరును, మెదడు తొలి ఎదుగుదల గురించి చదివేటప్పుడు పక్కన పెట్టాలి. నాడీకణాల మధ్య సందేశాలు నడవడం మొదలుకాక ముందే, ఆ కణాల విభజన మీద, వలస మీద, వాటి ఆక్సాన్లు (కణం నుంచి సందేశాన్ని మోసుకెళ్లే పొడవైన పోగులు) సాగే దిశ మీద అది ప్రభావం చూపుతుంది.

ఏ ఫలితాన్ని చదివినా ముందుగా చూడవలసింది సెరోటోనిన్ మోతాదు కన్నా దశను. మోనోఅమైన్ ఆక్సిడేజ్-ఎ అనే ఎంజైమ్ లోపించిన చిట్టెలుకల్లో సెరోటోనిన్ విచ్ఛిన్నం కాక పేరుకుపోతుంది. మామూలు చిట్టెలుకల కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) మీసాల స్పర్శను గ్రహించే భాగంలో ఒక్కో మీసానికి ఒక్కో కణగుచ్ఛం ఉంటుంది. ఎంజైమ్ లోపించిన చిట్టెలుకల్లో ఆ గుచ్ఛాలు ఏర్పడవు. వాటికి పుట్టినప్పటి నుంచే సెరోటోనిన్ తయారీని మందుతో అడ్డుకుంటే మాత్రం అవి యథావిధిగా ఏర్పడతాయి. ఇందుకు కీలకమైనవి పుట్టిన తొలి కొద్ది రోజులే. వార్తల శీర్షికల్లో సాధారణంగా జారిపోయేది ఈ కాలపరిమితే.

తరువాత, ఆ సెరోటోనిన్ ఎక్కడిదో చూడాలి. మనిషి పిండంలో దాన్ని తయారుచేసే కణాలు సుమారు ఐదో వారానికే మెదడు కాండంలో కనిపిస్తాయి. అయితే చిట్టెలుకల్లో ముందుమెదడుకు తొలిదశలో అందే సెరోటోనిన్, తల్లి నుంచి వచ్చిన ట్రిప్టోఫాన్‌తో (సెరోటోనిన్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లంతో) మావి తయారుచేసేదని 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇంద్రియ సమాచారాన్ని అందించే థాలమస్ అనే మెదడు లోపలి భాగం నుంచి కార్టెక్స్‌కు సాగే కొన్ని ఆక్సాన్లు తాము సెరోటోనిన్‌ను తయారుచేయకపోయినా, కొంతకాలం పాటు బయటి నుంచి దాన్ని పీల్చుకుంటాయి. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు అడ్డుకునేది సరిగ్గా ఈ రవాణానే. ఇక పెద్దవారి రక్తంలోని సెరోటోనిన్ అధికభాగం ప్లేట్‌లెట్లలో ఉంటుంది కాబట్టి, రక్తపరీక్ష అంకెను మెదడుకు ఆపాదించకూడదు.

జంతువుల ఫలితాన్ని మనుషులకు అన్వయించే ముందు వయసులను సరిపోల్చాలి. పుట్టిన 4వ రోజు నుంచి 21వ రోజు వరకు ఫ్లూఆక్సెటిన్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందు ఇచ్చిన చిట్టెలుకలు పెద్దయ్యాక ఆందోళనను పోలిన ప్రవర్తన చూపాయని 2004లో ప్రచురితమైంది. పుట్టుక నాటికి చిట్టెలుక మెదడు మనిషి శిశువు మెదడంత ఎదిగి ఉండదు గనుక, ఆ రోజుల్లో కొన్ని మన లెక్కలో గర్భకాలం చివరి నెలలకు దగ్గరగా వస్తాయి.

మనుషులపై జరిగిన అధ్యయనాల్లో పోలిక ఎవరితో చేశారన్నది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. గర్భంతో ఉండగా ఇలాంటి మందు వాడిన తల్లుల పిల్లలను ఆరోగ్యవంతులైన తల్లుల పిల్లలతో మాత్రమే పోలిస్తే, కనబడిన తేడా మందుదో, డిప్రెషన్‌దో, వంశపారంపర్యంగా వచ్చిందో తేలదు. డిప్రెషన్ ఉండి మందు వాడని తల్లుల పిల్లలు కూడా పోలికలో ఉండాలి. చికిత్స లేని డిప్రెషన్ వల్ల కూడా తల్లీబిడ్డలకు ముప్పు ఉంటుంది కాబట్టి, ఇటువంటి అధ్యయనం చదివి గర్భిణులు మందును సొంతంగా ఆపకుండా వైద్యులతో మాట్లాడాలి.