పాత రాతప్రతుల్లోని సిరా, రంగుల యోగాలను (దినుసులు కలిపి తయారుచేసే విధానాలను) పరిశీలించే పద్ధతి

17, 18 శతాబ్దాల రాతప్రతుల్లో సిరా తయారీని చెప్పే పాఠం చాలాసార్లు నాలుగైదు పంక్తులకు మించదు, ఎందుకంటే చేయి తిరిగిన పనివాడికి తెలిసిన సంగతులను రాసిపెట్టే అవసరం అప్పటివారికి తోచలేదు. అందువల్ల ముందుగా పాఠాన్ని తప్పొప్పులు దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకుని, పక్కనే దినుసు, కొలత, పాత్ర, నీరు, వ్యవధి అనే గడులు గీసి నింపాలి. ఖాళీగా మిగిలిన గడులనే పరిశోధించాలి.

కొలతల దగ్గర తొందర కూడదు. తులం దాదాపు 11.66 గ్రాములుగా స్థిరపడింది 1833లో; అంతకు ముందటి ప్రతికి ఆ లెక్క అంటగట్టకుండా దినుసుల మధ్య నిష్పత్తిని పట్టుకోవడం మేలు.

తరువాత చిన్న మోతాదులో చేసి చూడాలి. కరక్కాయ, అన్నభేది (ఇనుము ఉన్న లవణం, ఫెర్రస్ సల్ఫేట్), తుమ్మజిగురు విజయవాడలో మూలికలు అమ్మే అంగళ్లలో అడగవచ్చు. 15 గ్రాముల కరక్కాయ పెచ్చుల పొడిని 150 మిల్లీలీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టి, 5 గ్రాముల అన్నభేదిని, అంతే జిగురును గాజు పాత్రలోనే కలపాలి. బోరు నీటిలో ఇనుముంటే అన్నభేది పడకముందే కషాయం నల్లబడుతుంది, కనుక మొదటిసారి శుద్ధజలమే వాడాలి. రాసినప్పుడు వెలవెలబోయిన గీత గాలి తగిలి క్రమంగా నల్లబడుతుంది. పాఠం సిరా నల్లనిదని చెబితే, ఏ దశలో నల్లనిదో ఆలోచించకుండా నమ్మరాదు. అన్నభేది ఎక్కువైతే కాలక్రమంలో కాగితం తినివేయబడుతుంది, పాత ప్రతుల్లో అక్షరాల మేరకే కాగితం చిల్లులు పడడానికి ఇదొక కారణం. తాటాకు ప్రతుల సంగతి వేరు: అక్కడ గంటంతో గీసిన గీతల్లో మసి రుద్దేవారు.

ఎర్ర రంగు ఇచ్చే ఇంగిలీకంలో పాదరసం, పసుపు రంగు ఇచ్చే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. ఆ యోగాలను చదివి ఊరుకోవాలే తప్ప ఇంట్లో నూరరాదు.

పాఠం మౌనంగా ఉన్నచోట పనివారిని అడగడమే ఉత్తమం. మచిలీపట్నం దగ్గరి పెడనలో కలంకారీవారు కరక్కాయ పట్టించిన బట్టపై బెల్లం, తుప్పు ఇనుము కలిపి పులియబెట్టిన నీటితో నలుపు తెస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడడమే ఇది; సిరాలో జరిగేదీ అదే రసాయన క్రియ. 1730లలో పుదుచ్చేరిలో ఫ్రెంచి నౌకాధికారి బోల్యూ అద్దకపు పనిని వర్ణిస్తూ దశదశకూ ఒక గుడ్డముక్క కత్తిరించి తన రాతప్రతిలో భద్రపరిచాడు. నా దృష్టిలో మాటల వర్ణన కంటే ఆ ముక్కలే విలువైనవి. అదే తీరున ప్రతి మార్పు తరువాత ఒక కాగితపు చీటీపై గీత గీసి, తేదీ, నీటి రకం, వాతావరణం రాసి, సగం చీటీలను వెలుతురులో, సగం చీకటిలో ఉంచాలి.