మహబూబ్‌నగర్ నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలు? దూరం, సమయం లెక్క వేసుకోవడం ఎలా?

మా పక్కింటి పెద్దమ్మ కొడుకు మొన్న ఎండాకాలం మహబూబ్‌నగర్ నుంచి డల్లాస్ వెళ్లాడు. తెల్లవారుజామున 4:30కి శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 4:50కి దిగుతాడని టికెట్టులో ఉంది. "పన్నెండు గంటలేనా బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ. కాదు. అసలు లెక్క ఆమె ముందు కూర్చుని వేసి చూపించాను.

ముందు దూరం. గోడ మీది మ్యాపు పనికిరాదు. గుండ్రటి భూమిని పరిచి గీసిన బొమ్మ కాబట్టి దూరాలు తప్పొస్తాయి. పిల్లల గ్లోబు, ఒక దారం చాలు. భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలవండి. ఆ పొడవు సుమారు 40,000 కిలోమీటర్లకు సమానం. మా గ్లోబుకు 80 సెంటీమీటర్లు వచ్చింది, అంటే సెంటీమీటరుకు 500 కి.మీ. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారం 5 సెంటీమీటర్లు దాటింది, సుమారు 2,550 కి.మీ. దుబాయ్ నుంచి డల్లాస్‌కి దాదాపు 26, అంటే 12,900 చిల్లర. బిగించి లాగితే దారం ఉత్తర ధ్రువం వైపు వంగుతుంది. "ఇటెందుకు వోతది?" అంటూ పెద్దమ్మ దాన్ని వేలితో కిందికి జరిపింది. జరపగానే దారం డల్లాస్‌కి అందలేదు. దగ్గరి దారి పైనుంచేనని ఆమెకు అప్పుడే అర్థమైంది.

విమానం గంటకు సుమారు 850 కి.మీ. పోతుందనుకుని, దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే గాల్లో ఉండే సమయం మోటుగా తెలుస్తుంది. పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి వల్ల ఇంకో అరగంట వేసుకోండి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, సమయం తగ్గుతుంది.

ఇక గడియారం. టికెట్టులో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. అన్నీ మన సమయంలోకి మార్చుకోండి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. డల్లాస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. సాయంత్రం 4:50కి పదిన్నర కలిపితే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:20. అంటే శంషాబాద్ నుంచి 22 గంటల 50 నిమిషాలు.

ఇంటి నుంచి లెక్క వేరు. మూడు గంటల ముందు, ఒంటిగంటన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా దారికి రెండు గంటలు పెట్టుకోండి, రాత్రి 11:30కి కదలాలి. తేదీ దగ్గర చాలా జాగ్రత్త. 12వ తేదీ తెల్లవారుజాము విమానానికి 11 రాత్రే బయల్దేరాలి. మా బంధువు ఒకరు 12 రాత్రి అన్నం తిని బయల్దేరారు. విమానం పోయింది, టికెట్టు డబ్బులూ పోయాయి.

దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర వేసుకోండి. అందుకే పెద్దమ్మ ఫోన్‌లో అలారం 3:20కి కాదు, 5 గంటలకు పెట్టాను.